మీ ప్రశ్న – డాక్టరు జవాబు: సంతానోత్పత్తి అవయవాలు, వాటి పనితీరు

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాలను ఒకచోట పెట్టి చదివితే ఒక సంగతి స్పష్టంగా కనిపించింది. పిల్లలు కలగకపోయినా, నెలసరి తప్పినా, నడుము నొప్పి వచ్చినా, తెల్లబట్ట అయినా, చివరకు వరసగా ఆడపిల్లలే పుట్టినా మనవాళ్లు ముందుగా గర్భసంచినే దోషిగా నిలబెడుతున్నారు. నిజానికి సంతానోత్పత్తి వ్యవస్థలో గర్భసంచి ఒక భాగం మాత్రమే. అది ఎప్పుడు ఏం చేయాలో నిర్ణయించేవి అండాశయాలు. ఆ అండాశయాలను నడిపించేది మెదడు అడుగున శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి. ఇక సగం బాధ్యత పురుషుడి శరీరానిది. అందువల్ల ఏ అవయవం ఏ పని చేస్తుందో వివరించడానికి వీలైన ప్రశ్నలనే ఈసారి ఎంచుకున్నాం. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మాకు పెళ్లై నాలుగేళ్లయింది. నాకు స్కానింగులు, రక్తపరీక్షలు, ట్యూబుల పరీక్ష చేసి అన్నీ బాగానే ఉన్నాయన్నారు. మావారిని పరీక్ష చేయించుకోమంటే "మన కాపురంలో ఏ ఇబ్బందీ లేదు కదా, నాకు పరీక్షలెందుకు?" అంటున్నారు. మా అత్తగారేమో మరో డాక్టరుకు చూపిద్దామని మళ్లీ నన్నే బయల్దేరదీస్తున్నారు. మగవారి పరీక్ష అంత అవసరమా, మేడం? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అవసరమే. నిజానికి మీకు ట్యూబుల పరీక్ష చేయడానికి ముందే ఆయన వీర్యపరీక్ష జరిగి ఉండవలసింది. ట్యూబుల పరీక్షలో గర్భాశయంలోకి మందు ఎక్కించి ఎక్స్‌రేలు తీస్తారు, కొందరికి బాగా నొప్పి కూడా ఉంటుంది. వీర్యపరీక్షకు నొప్పి లేదు, ఖర్చూ తక్కువే. సంతానలేమితో వచ్చే జంటల్లో దాదాపు సగం సందర్భాల్లో పురుషుడి వైపు కారణం ఒంటరిగానో, స్త్రీ వైపు కారణంతో కలిసో కనిపిస్తుంది. అయినా మొదటి పరీక్ష ఎప్పుడూ కోడలికే జరగడం వైద్యశాస్త్రం చెప్పిన క్రమం కాదు, మన ఇళ్లలో పాతుకుపోయిన అలవాటు.

మీవారి మాటలో ఉన్న పొరపాటు చాలామందిలో ఉన్నదే. కాపురం చేయగలగడం, వీర్యకణాలు తయారుకావడం ఈ రెండూ ఒకటేనని ఆయన అనుకుంటున్నారు. వృషణంలో రెండు వేర్వేరు పనులు రెండు వేర్వేరు చోట్ల జరుగుతాయి. సుమారు నాలుగైదు సెంటీమీటర్ల పొడవుండే ఒక్కొక్క వృషణంలో రెండు మూడు వందల చిన్న గదులుంటాయి. ప్రతి గదిలోనూ దారపు ఉండల్లా చుట్టుకుపోయిన సన్నటి నాళికలు ఉంటాయి, వీర్యకణాలు ఈ నాళికల గోడల్లో తయారవుతాయి. నాళికల మధ్య ఖాళీల్లో ఉండే లేడిగ్ కణాలు టెస్టోస్టిరాన్ అనే హార్మోనును తయారుచేస్తాయి. మీసం, గొంతు, కండరాలు, కోరిక, అంగస్తంభన వంటివి ప్రధానంగా ఈ హార్మోను మీద ఆధారపడతాయి. కాబట్టి హార్మోను సక్రమంగా ఉండి, మనిషి అన్ని విధాలా దృఢంగా కనిపిస్తూ, నాళికల్లో మాత్రం కణాల తయారీ కుంటుపడడం పూర్తిగా సాధ్యమే.

వీర్యం ఎంత వస్తున్నదీ చూసి ధైర్యపడడం కూడా సరికాదు. వీర్యంలో దాదాపు మూడింట రెండు వంతుల ద్రవం మూత్రాశయం వెనుక ఉండే వీర్యకోశాల నుంచి, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ప్రొస్టేట్ గ్రంథి నుంచి వస్తుంది. వృషణాల నుంచి వచ్చే వాటా నూటికి రెండు నుంచి ఐదు పాళ్లు మాత్రమే. ఆ కొద్దిపాటి వాటాలోనే కణాలన్నీ ఉంటాయి కనుక, అవి బొత్తిగా లేకపోయినా వీర్యం పరిమాణంలోగాని, రంగులోగాని కంటికి తేడా తెలియదు. సూక్ష్మదర్శిని కింద చూస్తే తప్ప ఎవరూ చెప్పలేరు.

పరీక్షకు రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి, వీలైతే ల్యాబులోనే నమూనా ఇవ్వాలి. ఇంటి దగ్గర సేకరిస్తే ఒంటి వెచ్చదనం తగిలేలా పట్టుకొని గంటలోపు చేర్చాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రచురించిన ప్రమాణాల ప్రకారం వీర్యం కనీసం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు కోటీ అరవై లక్షల కణాలు, వాటిలో కదిలేవి 42 శాతం ఉండాలి. ఇవి ఏడాదిలోపు తండ్రులైన పురుషుల్లో కనిపించిన కింది హద్దులే తప్ప పాస్ మార్కులు కావు. అంతకంటే తక్కువ ఉన్నవారికీ పిల్లలు పుట్టవచ్చు, ఎక్కువ ఉన్నవారికీ ఆలస్యం కావచ్చు. ఒక రిపోర్టులో తేడా వస్తే కొన్ని వారాలు ఆగి రెండోసారి చూడనిదే నిర్ణయానికి రాకూడదు.

ఇక్కడ కాలం లెక్క ఒకటి తెలుసుకోవాలి. ఒక వీర్యకణం తయారుకావడానికి దాదాపు 74 రోజులు పడుతుంది. ఆ తర్వాత అది వృషణం వెనుక అంటుకొని ఉండే, విప్పి చాస్తే ఆరు మీటర్లుండే ఎపిడిడిమిస్ అనే గొట్టంలో రెండు వారాలపాటు ప్రయాణించి ఈదే శక్తిని సంపాదించుకుంటుంది. అంటే ఇవాళ్టి రిపోర్టులో కనిపించేది మూడు నెలల కిందటి ఆరోగ్యం. డెంగీయో టైఫాయిడో వచ్చి తగ్గిన నెలకు పరీక్ష చేయిస్తే కణాలు తగ్గినట్టు కనిపించడం అందువల్లే. పొగాకు, ఖైనీ మానినా ఫలితం అంత కాలం గడిచాకే తెలుస్తుంది.

మరొక ముఖ్యమైన మాట. ఈమధ్య జిమ్‌లో కండల కోసం టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకునే యువకులు నా దగ్గరకు వస్తున్నారు. బయటి నుంచి హార్మోను అందగానే పిట్యూటరీ తన సంకేతాలను ఆపేస్తుంది, దాంతో వృషణాల్లో కణాల తయారీ దాదాపు నిలిచిపోతుంది. మగతనం పెరుగుతుందని వేయించుకున్న సూది సంతానానికే అడ్డుపడుతుంది. మీవారికి అటువంటి అలవాటు ఉంటే డాక్టరుకు దాచకుండా చెప్పమనండి.

ప్రశ్న: నా వయసు 33. ఇద్దరు పిల్లలు, ఆపరేషన్ కూడా అయిపోయింది. మిరప తోటల్లో కూలికి వెళ్తాను. ఏడాదిగా తెల్లబట్ట అవుతోంది, నడుము లాగేస్తోంది. పట్నంలో చూపిస్తే గర్భసంచికి పుండు పడింది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది, తీయించుకో అన్నారు. మా వీధిలో నలుగురు తీయించుకున్నారు. పిల్లలు ఎలాగూ వద్దు కదా, తీయించుకుంటే ఏం పోతుంది? – ఒక పాఠకురాలు, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, తొందరపడి సంతకం పెట్టకండి. మీరు రాసిన లక్షణాలను బట్టి మాత్రమే గర్భసంచి తీయవలసిన అవసరం కనిపించడం లేదు.

ముందుగా ఆ "పుండు" సంగతి చూద్దాం. గర్భసంచి తలకిందులుగా పెట్టిన జామకాయ ఆకారంలో ఉంటుంది. దాని సన్నటి కింది భాగం యోనిలోకి పొడుచుకు వస్తుంది, దాన్నే గర్భాశయ ముఖద్వారం అంటాం. ఈ ముఖద్వారం బయటివైపు అనేక వరసల మందపాటి కణాలు, లోపలి దారిలో ఒకే వరస పలచని కణాలు పరిచి ఉంటాయి. పలచని పొర కింద రక్తనాళాలు కనిపిస్తాయి కనుక ఆ భాగం ఎర్రగా ఉంటుంది. వయసులో ఉన్న స్త్రీలలో, గర్భిణుల్లో, గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను ప్రభావం వల్ల ఈ ఎర్రటి లోపలి పొర కొంత బయటికి విచ్చుకుంటుంది. పరికరం పెట్టి చూసినప్పుడు కనిపించే ఆ ఎరుపును చూపించే చాలాచోట్ల పుండు అని పేరు పెడుతున్నారు. అది పుండు కాదు, క్యాన్సర్‌గా మారబోయే జబ్బు అంతకన్నా కాదు. ఆ పలచని కణాలు జిగురును స్రవిస్తాయి కాబట్టి కొంచెం తెల్లబట్ట ఎక్కువ కావచ్చు, అంతే.

తెల్లబట్ట ఎప్పుడూ జబ్బు కాదు. అండం విడుదలయ్యే రోజుల్లో కోడిగుడ్డు తెల్లసొనలా జారుడుగా, ఆ తర్వాత చిక్కగా, నెలసరికి ముందు మరికాస్త ఎక్కువగా ఉండడం ఆరోగ్య లక్షణం. యోనిలో ఉండే మేలుచేసే లాక్టోబాసిల్లై అనే సూక్ష్మజీవులు అక్కడ ఆమ్లగుణాన్ని నిలిపి ఉంచి చెడు క్రిములను రానివ్వవు. డెటాల్ నీళ్లతోనో సబ్బుతోనో లోపల కడిగితే ఆ రక్షణ పోతుంది, తెల్లబట్ట ఇంకా పెరుగుతుంది. దురద, చేపవాసన లాంటి దుర్వాసన, పచ్చటి రంగు, పెరుగు ముక్కల్లా పడడం, పొత్తికడుపులో నొప్పి, కలయిక తర్వాత రక్తం కనిపించడం – వీటిలో ఏదైనా ఉంటే తప్పక చూపించుకోవాలి. ఇన్ఫెక్షన్ అయితే మందులతో తగ్గుతుంది. కొన్నిటికి భార్యాభర్తలిద్దరూ మందు వాడాలి, లేకపోతే మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది.

ఇక క్యాన్సర్ భయం. ముఖద్వార క్యాన్సర్‌కు దాదాపు అన్ని సందర్భాల్లోనూ కారణం హెచ్‌పీవీ అనే వైరస్. ఈ సంబంధాన్ని నిరూపించినందుకు జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి ఇచ్చారు. వైరస్ సోకిన తర్వాత కణాలు మారి క్యాన్సర్ కావడానికి సాధారణంగా పదేళ్లో, అంతకంటే ఎక్కువో పడుతుంది. అంత వ్యవధి ఉన్నది కాబట్టే ముందుగా పట్టుకోవడానికి పరీక్షలున్నాయి. ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పాప్ స్మియర్, హెచ్‌పీవీ పరీక్ష, లేదా ముఖద్వారానికి పలచని ఎసిటిక్ ఆమ్లం పూసి తెల్లబడిన మచ్చల కోసం చూసే వీఐఏ పరీక్ష – ఏదో ఒకటి ముప్ఫై ఏళ్లు దాటిన మీవంటివారికి అవసరమే. వాటిలో తేడా కనిపించినా చాలాసార్లు ఆ కొంత భాగానికి చికిత్స చేస్తే సరిపోతుంది. పరీక్షే చేయకుండా క్యాన్సర్ పేరు చెప్పి అవయవాన్ని తీసేయడాన్ని నేను వైద్యం అనలేను.

తీస్తే ఏం పోతుందని అడిగారు. గర్భసంచితోపాటు అండాశయాలను కూడా తీస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. మామూలుగా మన దేశంలో స్త్రీలకు 46, 47 ఏళ్ల ప్రాంతంలో నెమ్మదిగా వచ్చే మెనోపాజ్ (నెలసరి శాశ్వతంగా ఆగిపోవడం) మీకు 33కే వచ్చిపడుతుంది. ఒళ్లంతా ఆవిర్లు, నిద్రలేమి, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బుల ముప్పు పెరగడం దాని పర్యవసానాలు. అండాశయాలను వదిలి గర్భసంచిని మాత్రమే తీసినా, వాటికి వెళ్లే రక్తప్రసరణలో కొంత భాగం గర్భాశయ ధమని నుంచే అందుతుంది కనుక, అవి మామూలుకంటే కొన్నేళ్లు ముందే చేతులెత్తేసే అవకాశం ఉంది. కూలిపని చేసుకునే మనిషికి నలభై ఏళ్లకే ఎముకలు బలహీనపడితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూస్తే గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశంలోకెల్లా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే ఎక్కువ. మన స్త్రీల శరీరాలు మిగతా రాష్ట్రాల వారికంటే భిన్నమైనవి కావు. అనవసరంగా చేస్తున్న గర్భసంచి ఆపరేషన్లను అరికట్టాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది కూడా. పెద్ద గడ్డలు, ఏ మందుకూ లొంగని రక్తస్రావం, గర్భసంచి జారిపోవడం, క్యాన్సర్ వంటి కారణాలకు ఆపరేషన్ తప్పనిసరి కావచ్చు. తెల్లబట్ట, నడుము నొప్పి ఆ జాబితాలోకి రావు. రోజంతా వంగి మిరపకాయలు కోసేవారి నడుము నొప్పికి కండరాలు, వెన్నెముక, రక్తహీనత కారణమయ్యే అవకాశమే ఎక్కువ, గర్భసంచి తీసినంత మాత్రాన ఆ నొప్పి పోదు. హిమోగ్లోబిన్ పరీక్ష, ముఖద్వార పరీక్ష చేయించుకొని, జిల్లా ప్రభుత్వాసుపత్రిలో గైనకాలజిస్టు అభిప్రాయం కూడా తీసుకోండి. మీకు ఆడపిల్ల ఉంటే, తొమ్మిది నుంచి పధ్నాలుగేళ్ల లోపు హెచ్‌పీవీ టీకా వేయించే విషయం కూడా అక్కడే అడగండి.

ప్రశ్న: నాకు నెలసరి 35 నుంచి 38 రోజులకు వస్తుంది. పద్నాలుగో రోజున అండం విడుదలవుతుందని చదివి ఆ రోజులే లెక్కపెట్టుకుంటున్నాం. ఎనిమిది నెలలైనా ఫలితం లేదు. – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పద్నాలుగో రోజు లెక్క 28 రోజుల చక్రానికి మాత్రమే సరిపోతుంది. జపాన్ వైద్యుడు క్యుసాకు ఒగినో 1920లలోనే గమనించినట్టు, అండం విడుదలను గత నెలసరి నుంచి ముందుకు కాక, రాబోయే నెలసరి నుంచి వెనక్కి లెక్కించాలి. అది రాబోయే నెలసరికి సుమారు 12 నుంచి 16 రోజుల ముందు జరుగుతుంది.

దీనికి కారణం అండాశయంలోనే ఉంది. నెలసరి మొదలైనప్పుడు పిట్యూటరీ విడుదల చేసే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోను ప్రభావంతో కొన్ని పుటికలు, అంటే అండాలుండే చిన్న సంచులు, పెరగడం మొదలుపెడతాయి, వాటిలో ఒకటి మిగతావాటిని దాటిపోతుంది. అది పక్వానికి రావడానికి ఒకరికి పది రోజులు పట్టవచ్చు, మరొకరికి ఇరవై దాటవచ్చు. అది తగినంత ఈస్ట్రోజెన్ తయారుచేసినప్పుడు పిట్యూటరీ నుంచి ఎల్‌హెచ్ అనే మరో హార్మోను ఒక్క ఉప్పెనగా వస్తుంది, సుమారు 36 గంటల్లో పుటిక పగిలి అండం బయటపడుతుంది. అండం వెళ్లిపోగా మిగిలిన పుటిక పసుపుపచ్చటి ముద్దగా మారి, గర్భసంచి లోపలి పొరను నిలిపి ఉంచే ప్రొజెస్టిరాన్ అనే హార్మోనును తయారుచేస్తుంది. గర్భం రాకపోతే దాని ఆయుష్షు దాదాపు రెండు వారాలే, అది వాడిపోగానే గర్భసంచి లోపలి పొర ఊడి నెలసరి వస్తుంది. అంటే చక్రంలో రెండో భాగం ఇంచుమించు స్థిరంగా ఉంటుంది, మారేది మొదటి భాగమే. మీ విషయంలో అండం 21వ రోజుకూ 24వ రోజుకూ మధ్య విడుదలవుతూ ఉండవచ్చు. పద్నాలుగో రోజుకు మీ పుటిక ఇంకా పెరుగుతూనే ఉంటుంది.

విడుదలైన అండం ఒక రోజుకు మించి బతకదు. వీర్యకణాలు అనుకూలమైన జిగురులో ఐదు రోజుల వరకు బతికి ఉండగలవు. కాబట్టి అండం వచ్చాక ప్రయత్నించడం కంటే దానికి ముందు ఐదారు రోజుల్లో, రోజు విడిచి రోజు కలవడం మేలు. తేదీల లెక్కతో కాపురాన్ని పరీక్షల టైంటేబుల్ చేసుకోనక్కరలేదు. మీ వయసు రాయలేదు. 35 దాటి ఉంటే ఆరు నెలలకే, లోపు అయితే ఏడాదికి వైద్యుల్ని కలవాలి. అయితే నెలసరి 35 రోజులు దాటి వస్తున్నప్పుడు థైరాయిడ్, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) పరీక్షలకు అంతవరకు ఆగనక్కరలేదు.

ప్రశ్న: 2019లో గుంటూరులో డెబ్బై దాటిన ఆవిడకు కవలలు పుట్టారని పత్రికల్లో చదివాం. నెలసరి ఆగిపోయిన పాతికేళ్లకు గర్భం ఎలా వస్తుంది? అలాగైతే వయసు గురించి డాక్టర్లు ఎందుకు భయపెడతారు? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఆ ఏడాది సెప్టెంబరులో జరిగిన ఆ కాన్పు నిజమే. దాంట్లో వాడిన అండం ఆమెది కాదు, దాతది. భర్త వీర్యకణాలతో ప్రయోగశాలలో ఫలదీకరించి, పిండాన్ని ఆమె గర్భాశయంలో ప్రవేశపెట్టారు. పిల్లలను ఆపరేషన్ చేసి తీశారు. ఏ అవయవానికి వయసు ఎలా మీద పడుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఆడశిశువు తల్లి కడుపులో ఐదో నెలలో ఉన్నప్పుడు ఆమె అండాశయాల్లో అరవై డెబ్బై లక్షల అండకణాలు ఉంటాయి. పుట్టేసరికి అవి పది ఇరవై లక్షలకు, రజస్వల అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలకు తగ్గిపోతాయి. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి నాలుగైదు వందలు మాత్రమే, మిగిలినవన్నీ తమంతట తామే నశిస్తాయి. పురుషుడిలోలాగా కొత్తవి తయారుకావు. నలభై ఏళ్ల స్త్రీ అండానికి కూడా నలభై ఏళ్లు పైబడే ఉంటాయి కనుక, అది విభజన చెందేటప్పుడు జన్యువులను మోసే క్రోమోజోముల పంపకంలో పొరపాట్లు పెరుగుతాయి. 35 దాటాక గర్భధారణ తగ్గడానికి, గర్భస్రావాలు పెరగడానికి ప్రధాన కారణం ఇదే. నిల్వ అడుగంటినప్పుడు వచ్చేదే మెనోపాజ్.

గర్భసంచి అలా కాదు. అది హార్మోన్ల మాట వినే అవయవం. మెనోపాజ్ తర్వాత లోపలి పొర పలచబడి నిద్రావస్థలో ఉంటుంది, అంతే. బయటి నుంచి ఈస్ట్రోజెన్, తర్వాత ప్రొజెస్టిరాన్ తగిన క్రమంలో ఇస్తే ఆ పొర మళ్లీ మందమై పిండాన్ని అంటిపెట్టుకోనిస్తుంది. మామూలుగా పిడికెడంత, యాభై అరవై గ్రాములుండే ఈ కండర సంచి నెలలు నిండేసరికి దాదాపు కిలో బరువుకు పెరుగుతుంది.

గర్భసంచి ఒప్పుకున్నంత మాత్రాన గుండె, మూత్రపిండాలు, రక్తనాళాలు ఒప్పుకుంటాయని కాదు. గర్భిణిలో రక్తం పరిమాణం దాదాపు 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. ఆ భారాన్ని మోయవలసినది గుండె, దాని వయసును ఏ మాత్రతోనూ తగ్గించలేం. పైగా పిల్లలు పెరిగేదాకా తల్లిదండ్రులు ఉండాలన్నది చిన్న విషయం కాదు. 2021లో వచ్చిన సహాయక పునరుత్పత్తి సాంకేతికత నియంత్రణ చట్టం ఇటువంటి చికిత్సకు స్త్రీకి 50 ఏళ్లు, పురుషుడికి 55 ఏళ్ల గరిష్ఠ పరిమితి విధించింది. గుంటూరు కాన్పు నాటికి ఆ చట్టం లేదు. ఆ పరిమితి సరైనదేనని నా అభిప్రాయం.

ప్రశ్న: స్కానింగ్ రిపోర్టులో గర్భసంచి వెనక్కి తిరిగి ఉందని రాశారు. గర్భం నిలవదా? – ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: నిలుస్తుంది. ఎక్కువమందిలో గర్భసంచి మూత్రాశయం మీదికి ముందుకు వాలి ఉంటుంది, సుమారు ఐదుగురిలో ఒకరికి వెనక్కి వాలి ఉంటుంది. గర్భం పెరిగేకొద్దీ అది సాధారణంగా మూడు నాలుగు నెలల మధ్య తనంతట తానే పైకి లేస్తుంది. దీనికి మందులు గాని, కలయిక తర్వాత కాళ్లు పైకెత్తి పడుకోవడం గాని అవసరం లేదు. నెలసరిలో తీవ్రమైన నొప్పి, కలయికలో నొప్పి కూడా ఉంటే మాత్రం ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) ఉందేమో చూపించుకోండి.

ప్రశ్న: మా అమ్మాయికి ఇద్దరూ ఆడపిల్లలే. ఆమె గర్భసంచిలో మగపిల్లవాడు నిలవడని వియ్యపురాలు అంటున్నారు. మందులేమైనా ఉన్నాయా? – ఒక తల్లి, కడప

జవాబు: అండంలో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఉంటుంది. వీర్యకణాల్లో సగం ఎక్స్‌ను, సగం వై‌ని మోస్తాయి. ఎక్స్ ఉన్న కణం చేరితే ఆడపిల్ల, వై ఉన్నది చేరితే మగపిల్లవాడు. అమెరికా శాస్త్రవేత్త నెట్టీ స్టీవెన్స్ పురుగుల మీద పరిశోధించి 1905లోనే ఈ సంగతి బయటపెట్టారు. కాబట్టి లెక్క తేల్చుకోవాలనుకుంటే వియ్యపురాలు తన కుమారుణ్నే అడగాలి, అయినా అది ఆయన చేతిలోనూ లేదు. మగపిల్లవాడు పుట్టే మందు ఏదీ లేదు, పసరు పేరుతో అమ్మేవన్నీ మోసమే. గర్భంలో ఆడో మగో చెప్పడం, చెప్పించుకోవడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం.

ప్రశ్న: మా బాబుకు పదకొండో నెల. ఒక వృషణం సంచిలోకి దిగలేదు. పెద్దయ్యాక అదే దిగుతుందని మా నాయనమ్మ అంటోంది. ఆగవచ్చా? – ఒక తండ్రి, వరంగల్

జవాబు: ఇక ఆగవద్దు. వృషణాలు పిండంలో మొదట మూత్రపిండాల దగ్గర, పొట్ట వెనుక గోడకు ఆనుకొని ఏర్పడతాయి. ఏడో నెల తర్వాత గజ్జల దారిగుండా సంచిలోకి దిగుతాయి. పొట్టలో పుట్టి కిందికి వచ్చినవి కాబట్టే పెద్దవారిలో కూడా వృషణానికి దెబ్బ తగిలితే నొప్పి పొట్టలోకి పాకుతుంది, మూత్రపిండంలో రాయి కదిలితే నొప్పి వృషణంలోకి దిగుతుంది. అక్కడి నుంచి బయటికి రావడానికి కారణం వేడి. వీర్యకణాల తయారీకి శరీరం లోపలి కంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలి.

నెలలు నిండి పుట్టిన మగపిల్లల్లో నూటికి సుమారు ముగ్గురికి ఒకటి దిగకుండా ఉంటుంది. వారిలో చాలామందికి మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో దిగుతుంది. ఆరు నెలలు దాటాక దిగడం అరుదు. వేడిలో ఉండిపోయిన వృషణంలో బీజకణాలు ఏడాది నుంచే తగ్గడం మొదలవుతాయి. పెద్దయ్యాక అందులో క్యాన్సర్ వచ్చే ముప్పు కూడా ఎక్కువ. అందుకే ఆరు నుంచి పద్దెనిమిది నెలల మధ్య శస్త్రచికిత్స చేసి సంచిలోకి దింపి కుట్టేస్తారు. ముందు ఒక చిన్న పరిశీలన చేయండి. బాబుకు గోరువెచ్చని నీళ్లు పోసేటప్పుడు, ఒళ్లు వదులైన వేళ చూడండి. అప్పుడు సంచిలో కనిపించి, చలికి పైకి పోతుంటే అది లాక్కునే వృషణం, ఆపరేషన్ అక్కరలేకపోవచ్చు. ఏదైనా పిల్లల సర్జన్ చేతితో తడిమి చూసి చెప్పవలసిందే.

ప్రశ్న: మాకు ఇద్దరు పిల్లలు. నా భార్యకు రెండు సిజేరియన్లు అయ్యాయి. ఈసారి ఆపరేషన్ నేనే చేయించుకుంటానంటే, బరువులెత్తలేవు, నీరసపడిపోతావు అని మా అమ్మ ఒప్పుకోవడం లేదు. – ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మీ నిర్ణయం మెచ్చుకోదగినది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ప్రతి పదిమంది స్త్రీలలో దాదాపు ఏడుగురు ట్యూబెక్టమీ (స్త్రీల కుటుంబ నియంత్రణ ఆపరేషన్) చేయించుకున్నవారే, మగవారి ఆపరేషన్ అయిన వేసెక్టమీ చేయించుకున్న పురుషులు నూటికి ఒకరు కూడా లేరు. స్త్రీలలో అండవాహికలను చేరాలంటే పొట్ట తెరవాలి, లేదా చిన్న రంధ్రం గుండా ల్యాపరోస్కోపు అనే కెమెరా గొట్టం దింపాలి. పురుషుడిలో వీర్యకణాలను మోసుకెళ్లే శుక్రవాహిక సంచి చర్మం కిందే, వేళ్లకు గట్టి తాడులా తగులుతుంది. 1974లో చైనా వైద్యుడు లీ షున్‌చియాంగ్ రూపొందించిన కోత, కుట్టు లేని పద్ధతిలో అక్కడికక్కడే మత్తు సూది ఇచ్చి చిన్న రంధ్రం గుండా పని ముగిస్తారు, అదేరోజు ఇంటికి వెళ్లవచ్చు.

మొదటి జవాబులో చెప్పిన టెస్టోస్టిరాన్ నాళాల ద్వారా కాక నేరుగా రక్తంలోకి వెళుతుంది. శుక్రవాహికను కత్తిరించి కట్టినా హార్మోను తగ్గదు, కోరిక తగ్గదు, వీర్యం పరిమాణం కూడా కంటికి తెలిసేంత తగ్గదు. తయారైన కణాలను శరీరమే కరిగించి పీల్చుకుంటుంది. వారం రోజులు బరువులు, సైకిలు, మోటార్‌సైకిలు మానితే చాలు, తర్వాత ఏ పనైనా చేసుకోవచ్చు. ఈ మాట మీ అమ్మగారికి డాక్టరు ముందే చెప్పించండి.

జాగ్రత్తపడవలసినది ఒక్కటి ఉంది. కత్తిరించిన చోటుకు పైన, శుక్రవాహికలో అప్పటికే చేరి ఉన్న కణాలు బయటికి పోవడానికి సమయం పడుతుంది కనుక, ఆపరేషన్ అయిన మర్నాటి నుంచే రక్షణ ఉంటుందనుకోకూడదు. మూడు నెలలపాటు కండోమ్ వాడి, తర్వాత వీర్యపరీక్ష చేయించి, కణాలు లేవని రిపోర్టు చేతికి వచ్చాకే మానేయాలి.